అద్దంలో మార్గరెట్టా, తెర మీద అమరావతి

హైదరాబాదులో మూసీనది ఒడ్డున సాలార్ జంగ్ మ్యూజియం ఉంది. మీలో కొందరు చూసే ఉంటారు. అందులో ఒక కొయ్యబొమ్మ దగ్గర ఎప్పుడు చూసినా జనం మూగి ఉంటారు. ఎదురుగా నిలబడితే మనకు కనిపించేది ఒక మగవాడు. ఛాతీ విరుచుకుని, ఎగతాళిగా నవ్వుతూ ఉంటాడు. అతని పేరు మెఫిస్టోఫిలిస్. జర్మన్ మహాకవి గేథే రాసిన ‘ఫౌస్ట్’ నాటకంలో దయ్యం ఇతడే. ఈ బొమ్మ వెనక ఒక పెద్ద అద్దం పెట్టారు. అద్దంలోకి చూస్తే ఆ దయ్యం వీపు కనిపించాలి కదా? కనిపించదు! తల వంచుకుని, చేతిలో ప్రార్థన పుస్తకం పట్టుకుని, సిగ్గుపడుతున్న ఒక అమ్మాయి కనిపిస్తుంది. ఆమె అదే నాటకంలోని మార్గరెట్టా.

ఉన్నది ఒకే దుంగ. దానికి ఒక పక్క దయ్యం, రెండో పక్క అమ్మాయి. 19వ శతాబ్దంలో చెక్కిన బొమ్మ ఇది.

ఇప్పుడు మీకొక ప్రశ్న. ఆ అద్దం తీసేశారనుకోండి, ఏమవుతుంది? ముందు నిలబడి చూసినవాళ్ళు దయ్యాన్ని మాత్రమే చూసి, “బాగుంది” అనుకుని వెళ్ళిపోతారు. తాము చూసింది సగమేనని వాళ్ళకు అనుమానం కూడా రాదు. అద్దం ఉంది కనుక రెండో సగం తెలిసింది.

అద్దంలో కనబడే మార్గరెట్టాను మన భౌతికశాస్త్రం ‘మిథ్యా ప్రతిబింబం’ అంటుంది. తెల్ల కాగితం తీసుకెళ్ళి అద్దం వెనక పెడితే దాని మీద ఆ బొమ్మ పడదు. అక్కడ నిజంగా ఎవరూ లేరు. కానీ ఆ మిథ్య మనకు చెప్పినది మాత్రం అబద్ధం కాదు, నిజమే. ఈ సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

మిథ్యా ప్రతిబింబాన్ని ఇంగ్లీషులో వర్చువల్ ఇమేజ్ అంటారు. ఈ మధ్య మీరు తరచు వింటున్న ‘వర్చువల్ మ్యూజియం’లో ఉన్నదీ ఆ మాటే. మ్యూజియంలోని వస్తువులను ఫోటోలుగా, త్రిమితీయ రూపాలుగా మార్చి, ఇంటర్నెట్ ద్వారా మీ ఇంట్లో తెర మీద చూపించేదే వర్చువల్ మ్యూజియం. వస్తువు అక్కడే ఉంటుంది, మీరు ఇక్కడే ఉంటారు. మధ్యలో ఈ తెర ఒక అద్దంలాగా పనిచేస్తుంది.

మరి ఈ అద్దంలో చూసి మనం నిజంగా ఏమైనా నేర్చుకుంటామా? లేక వేలితో తెరను అటూ ఇటూ జరిపి, “చూసేశాం” అనుకుంటామా? ఈ నెల తేల్చుకోవలసిన విషయం ఇది.

నలభై గదులు, నలభై అయిదు నిమిషాలు

ముందు నా అనుభవం ఒకటి చెబుతాను. మా బడిలో తరగతి గోడకు పెద్ద తెర అమర్చిన కొత్తలో, తొమ్మిదో తరగతి పిల్లలకు మ్యూజియం చూపించాలని నాకు మహా ఉబలాటంగా ఉండేది. ఒక పీరియడ్ తీసుకుని, ఒక పెద్ద విదేశీ మ్యూజియంలోకి ‘ప్రవేశించాం’. బాణం గుర్తు నొక్కితే చాలు, ముందుకు పోతాం. తిప్పితే గది గిరగిరా తిరుగుతుంది. పిల్లలు ఒకటే కేకలు! “సార్, అటు పోదాం!” “సార్, ఆ మమ్మీ దగ్గరికి!” గంట కొట్టేసరికి దాదాపు నలభై గదులు చుట్టివచ్చాం. ఆ రోజు నా అంతటి ఉపాధ్యాయుడు లేడనుకున్నాను.

మర్నాడు అడిగాను: “నిన్న చూసినవాటిలో ఏదైనా ఒక వస్తువు గురించి నాలుగు వాక్యాలు చెప్పండి.” తరగతంతా నిశ్శబ్దం. చివరికి ఒకడు లేచి, “సార్, నేల బాగా మెరుస్తోంది” అన్నాడు. నవ్వు వచ్చింది కాని, తప్పు వాడిది కాదు, నాది. నేను వాళ్ళను మ్యూజియంలో పరుగెత్తించాను. అంతే.

నిజమైన మ్యూజియంలోనూ ఇలాగే జరుగుతుంది. అమెరికాలోని బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్‌మన్ అనే ఆయన 1916లో దీని గురించి ఒక వ్యాసం రాశాడు. అద్దాల బీరువాల్లోని వస్తువులను సరిగా చూడటానికి ఒక మనిషి ఎంతగా వంగవలసి వస్తుందో, ఎలా మెడ సాచవలసి వస్తుందో ఫోటోలు తీయించి మరీ చూపించాడు. దీనికి ఆయన పెట్టిన పేరు ‘మ్యూజియం అలసట’. తెర మీద చూసేవాడికి మెడ నొప్పి పుట్టకపోవచ్చు. కాని అలసిపోయేది మెడ ఒక్కటే కాదు కదా! ఒకదాని వెంట ఒకటిగా వంద వస్తువులు వస్తుంటే మనసు కూడా అలసిపోతుంది.

సరే, మరి తెర మీద ఎలా చూస్తే చదువు వస్తుంది? అది తెలియాలంటే తెర వెనక ఏం జరుగుతోందో ముందు తెలియాలి.

700 కోట్ల చుక్కలు

2011 ఫిబ్రవరి 1న గూగుల్ సంస్థ ‘ఆర్ట్ ప్రాజెక్ట్’ అనే దానిని ప్రారంభించింది. మొదట చేరినవి 17 మ్యూజియాలు. ఒక్కొక్క మ్యూజియం తన దగ్గరున్న చిత్రాల్లో ఒకదాన్ని ఎంచుకుంది. ఆ చిత్రాలను ఒక్కొక్కటి సుమారు 700 కోట్ల చుక్కలతో ఫోటో తీశారు. ఈ చుక్కలనే పిక్సెళ్ళు అంటారు.

700 కోట్లంటే ఎంతో ఊహించగలరా? లెక్క కట్టి చూద్దాం. మామూలు సెల్‌ఫోను తెర మీద అడ్డంగా 1,080, నిలువుగా 2,400 చుక్కలు ఉంటాయనుకోండి. మొత్తం సుమారు 26 లక్షలు. 700 కోట్లను 26 లక్షలతో భాగిస్తే దాదాపు 2,700 వస్తుంది. అంటే ఆ చిత్రాన్ని ఒక్క చుక్క కూడా వదలకుండా చూడాలంటే 2,700 ఫోను తెరలు పక్కపక్కన పేర్చాలన్నమాట!

మరి అంత పెద్ద బొమ్మ మీ చిన్న ఫోనులోకి క్షణంలో ఎలా వస్తోంది? రావటం లేదు. ఇక్కడే ఉంది తమాషా. ఆ బొమ్మను ముందుగానే చిన్న చిన్న చదరపు ముక్కలుగా కోసి పెడతారు. ఒక్కొక్క ముక్క సాధారణంగా 256 చుక్కల పొడవు, 256 చుక్కల వెడల్పు. అంటే ముక్కకు 65,536 చుక్కలు. పెద్ద బొమ్మను కోస్తే లక్షకు పైగా ముక్కలు వస్తాయి. తరువాత అదే బొమ్మను పొడవులో సగానికి, వెడల్పులో సగానికి కుదించి, మళ్ళీ కోస్తారు. ఈసారి ముక్కలు నాలుగో వంతే. ఇంకా కుదిస్తారు, ఇంకా కోస్తారు. చివరికి మొత్తం బొమ్మ ఒకే ముక్కలో ఇమిడిపోతుంది. అడుగున లక్ష ముక్కలు, శిఖరాన ఒక్క ముక్క. ఇది ఒక పిరమిడ్ అన్నమాట.

మీరు దూరంనుంచి చూస్తున్నంతసేపూ పైఅంతస్తు ముక్కలు వస్తాయి. రెండు వేళ్ళతో తెరను విప్పి దగ్గరికి వెళ్ళినప్పుడు, మీరు చూస్తున్న చోటుకు సంబంధించిన యాభై, అరవై ముక్కలు మాత్రమే కిందిఅంతస్తునుంచి వస్తాయి. మిగిలిన లక్ష ముక్కలూ అక్కడే ఉండిపోతాయి. మన భూగోళం అట్లాసు కూడా ఇంతే కదా! ప్రపంచ పటంలో మన రాష్ట్రం బొటనవేలంత ఉంటుంది. రాష్ట్ర పటం తిప్పితే జిల్లాలు కనబడతాయి. జిల్లా పటం తిప్పితే మండలాలు. మనకు కావలసిన పేజీ తిప్పుకుంటాం, అంతే.

దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తోంది. మీరు అడగనిదే ఆ ముక్క రాదు. ఎక్కడ దగ్గరికి వెళ్ళి చూడాలో నిర్ణయించేది మీరే. చూడాలన్న కోరిక లేనివాడికి ఆ 700 కోట్ల చుక్కల వల్ల ఏమీ లాభం లేదు.

బొటనవేలు చెప్పే రహస్యం

చిత్రపటమైతే ఎదురుగా ఒక్క ఫోటో చాలు. మరి బొమ్మలు, కుండలు, శిల్పాలు? వాటిని చుట్టూ తిరిగి చూడాలి. ఇందుకోసం చేసేదే త్రిమితీయ రూపం. దాని సూత్రం మీరు ఇప్పుడే, కూర్చున్న చోటే పరీక్షించవచ్చు.

చేయి చాచి బొటనవేలు నిలబెట్టండి. ఎడమకన్ను మూసి కుడికంటితో చూడండి. ఇప్పుడు కుడికన్ను మూసి ఎడమకంటితో చూడండి. వేలు గోడ మీద అటూ ఇటూ గెంతినట్టు కనబడింది కదూ? ఇప్పుడు వేలిని ముక్కుకు దగ్గరగా తెచ్చి మళ్ళీ చూడండి. గెంతు ఇంకా పెద్దదైంది! అంటే దగ్గరి వస్తువు ఎక్కువ గెంతుతుంది, దూరపు వస్తువు తక్కువ గెంతుతుంది. గెంతు ఎంతో కొలవగలిగితే దూరం ఎంతో లెక్క కట్టవచ్చు.

కంప్యూటరు చేసే పని సరిగ్గా ఇదే. ఒక శిల్పం చుట్టూ తిరుగుతూ పదుల కొద్దీ, ఒక్కొక్కప్పుడు వందల కొద్దీ ఫోటోలు తీస్తారు. ఒక ఫోటోలో ఉన్న చిన్న మచ్చ పక్క ఫోటోలో ఎక్కడికి జరిగిందో కంప్యూటరు వెతుకుతుంది. ఇలా వేలాది మచ్చలు దొరికితే, ఏ ఫోటో ఎక్కడినుంచి తీశారో, ఏ మచ్చ ఎంత లోతులో ఉందో లెక్కగట్టి, గాలిలో చుక్కలు పేర్చినట్టు పేరుస్తుంది. ఆ చుక్కలను కలుపుతూ త్రిభుజాల వల అల్లుతుంది. చివరికి ఆ వల మీద ఫోటోల్లోని రంగులను చొక్కాలా తొడుగుతుంది. దీనికి ఫోటోగ్రామెట్రీ అని పేరు.

ఈ పద్ధతికి లొంగని వస్తువులూ ఉన్నాయి. తళతళ మెరిసే ఇత్తడి చెంబు, గాజు కూజా, సున్నం కొట్టిన తెల్లగోడ – వీటితో కంప్యూటరు తికమకపడుతుంది. ఎందుకో చెప్పగలరా? గోడ మీద గుర్తుపట్టటానికి మచ్చలు లేవు. చెంబు మీద కనబడే మెరుపులు చెంబువి కావు. మనం కదిలితే అవీ కదులుతాయి. గరుకు రాయి, మట్టికుండ, చెక్కుడు పనిచేసిన కొయ్య – వీటికి మాత్రం త్రిమితీయ రూపం చక్కగా వస్తుంది. కాబట్టి అమ్మమ్మగారి పాత చెంబును ఫోటో తీసేముందు చింతపండు పెట్టి తోమకండి!

ఇప్పుడు మెఫిస్టోఫిలిస్ దగ్గరికి వెళదాం. ముందునుంచి తీసిన ఒక్క ఫోటోలో దయ్యమే ఉంటుంది. అదే బొమ్మకు త్రిమితీయ రూపం చేస్తే, వేలితో తిప్పగానే మార్గరెట్టా వస్తుంది. కాని ఒక్క షరతు. తిప్పాలని మీకు తోచాలి!

రెండు ముఖాల రాయి

నలభై గదుల పాఠం పాడైన కొన్ని వారాలకు, మళ్ళీ అదే తరగతికి వెళ్ళాను. ఈసారి తెర మీద పెట్టింది ఒకే ఒక్క రాయి. పీరియడ్ అంతా దాని ముందే కూర్చున్నాం.

ఆ రాయి మనదే. కృష్ణానది ఒడ్డున అమరావతిలో వెలసిన మహాస్తూపానికి చెందినది. సుమారు నాలుగడుగుల ఎత్తు. పల్నాటి సున్నపురాయి. పూర్వం దొరలు దీన్ని చలువరాయి అని పిలిచారు గాని, చలువరాయి కాదు. ఇది ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ మ్యూజియం 2020 ఏప్రిల్‌లో తన వస్తువుల జాబితాను కొత్తగా తీర్చిదిద్ది, సుమారు 19 లక్షల ఫోటోలతో అందరికీ అందుబాటులో పెట్టింది.

మొదటి పది నిమిషాలు నేనేమీ చెప్పలేదు. “కనబడుతున్నవి రాయండి, అనుకుంటున్నవి రాయవద్దు” అన్నాను. పిల్లలు ఒక్కొక్క మూలకూ వెళ్ళి చూడటం మొదలుపెట్టారు. గుండ్రని పెద్ద గుమ్మటం. చుట్టూ ప్రహరీలాంటి కంచె. వాకిలి దగ్గర సింహాలు. వాకిలి మీదుగా వరసగా నిలబడ్డ స్తంభాలు. “సార్, అయిదు!” అని లెక్కపెట్టి చెప్పింది ఒక అమ్మాయి. వాటిని ఆయక స్తంభాలంటారు. వాకిట్లో నిలబడి ఉన్న బుద్ధుడు. ఆకాశంలో ఎగురుతున్న దేవతలు.

అప్పుడు చెప్పాను: ఈ రాయి మీద చెక్కినది స్తూపం బొమ్మే. అసలు స్తూపం ఇవాళ మట్టిదిబ్బగా, అడుగుభాగంగా మాత్రమే మిగిలింది. ఒకప్పుడు అది ఎలా ఉండేదో మనం ఊహించగలుగుతున్నామంటే, స్తూపం మీదనే స్తూపం బొమ్మను చెక్కిపెట్టిన ఆ శిల్పుల చలవే.

“ఈ రాయి వెనక ఏముంది సార్?” అని అడిగాడు వెనక బల్ల అబ్బాయి. నేను ఎదురుచూస్తున్నదీ ఆ ప్రశ్న కోసమే! రెండో ఫోటో తెరిచాం. అటువైపు కూడా శిల్పం ఉంది! ఒక చెట్టు, దాని కింద ఒక ఆసనం, చుట్టూ నమస్కరిస్తున్న మనుషులు. కాని ఆసనం మీద ఎవరూ లేరు. పాదముద్రలు మాత్రం ఉన్నాయి.

ఎందుకలా? ఆ వెనకవైపు శిల్పం పాతది, క్రీస్తుపూర్వం 1వ శతాబ్దానిది. ఆ కాలంలో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కేవారు కాదు. చెట్టు, ఆసనం, పాదాలు – ఇలాంటి గుర్తులతోనే చూపించేవారు. దాదాపు మూడు వందల ఏళ్ళ తరువాత, క్రీస్తుశకం 3వ శతాబ్దంలో, అదే రాయిని తిప్పి, రెండోవైపు కొత్త శిల్పం చెక్కారు. ఈలోగా బుద్ధుణ్ణి మనిషిగా చూపే పద్ధతి వచ్చేసింది. ఒక్క రాయికి రెండు వైపులా మూడు శతాబ్దాల మార్పు! పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంలో దాటిపోయే విషయం, పిల్లలు తమ కళ్ళతో తామే కనిపెట్టారు. ఆ తరగతిలో ఎవరూ దాన్ని మరచిపోలేదు.

చివర్లో ఒక పిల్ల అడిగిన ప్రశ్న ఇది: “మన రాయి అక్కడెందుకుంది సార్?”

18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అనే జమీందారు అమరావతిలో కొత్త పట్నం కట్టించసాగాడు. దిబ్బ తవ్వుతుంటే రాళ్ళు బయటపడ్డాయి. ఎన్నో రాళ్ళు కొత్త కట్టడాలకు పోయాయి, కొన్ని సున్నం బట్టీలకు పోయాయి. అప్పటి సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి, తన మనుషులచేత రాళ్ళ బొమ్మలు జాగ్రత్తగా గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసు చేరాయి. వాటిలో ఎన్నో 1859లో ఓడ మీద లండన్‌కు వెళ్ళాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేతికి వచ్చాయి. ఈవేళ అమరావతి శిల్పాలు కొన్ని అమరావతిలోనే ఉన్న మ్యూజియంలో, చాలా భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, నూరుకు పైగా లండన్‌లో ఉన్నాయి. ఒకే ఇంటి బిడ్డలు మూడు ఊళ్ళలో ఉన్నట్టన్నమాట.

మన ఊరి పిల్ల లండన్ వెళ్ళి ఆ రాయిని చూడటం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. తెర మీదయితే మూడు ఊళ్ళ రాళ్ళనూ పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. ఇది ఏ నిజమైన మ్యూజియమూ చేయలేని పని. అలాగని, బొమ్మ దొరికింది గనుక రాయి ఎక్కడుంటేనేం అనుకోకూడదు. ఆ పిల్ల వేసిన ప్రశ్న ప్రశ్నగానే ఉంది. దాన్ని పెద్దవాళ్ళు కూడా ఆలోచిస్తున్నారు, మీరూ ఆలోచించండి.

వేలు కదిలితే చాలదు

మొదటి పాఠానికీ రెండో పాఠానికీ తేడా ఏమిటి? రెండింటిలోనూ వేళ్ళు కదిలాయి. రెండో దాంట్లో మనసు కూడా కదిలింది.

దీని మీద ఒక చక్కని ప్రయోగం జరిగింది. అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు విద్యార్థులను ఒక మ్యూజియానికి తీసుకెళ్ళింది. కొన్ని వస్తువులను ఊరికే చూడమంది, కొన్నింటిని ఫోటో తీయమంది. మర్నాడు పరీక్ష పెట్టింది. ఫోటో తీసిన వస్తువుల వివరాలు తక్కువగా గుర్తున్నాయి! ‘కెమెరా చూసుకుంటుందిలే’ అని మనసు పని మానేసిందన్నమాట. అయితే ఇంకో ప్రయోగంలో, వస్తువులో ఒక భాగాన్ని దగ్గరికి లాగి ఫోటో తీయమన్నప్పుడు ఈ నష్టం జరగలేదు. ఆ భాగమే కాదు, మిగతా వస్తువు కూడా బాగానే గుర్తుంది. ఈ ఫలితాలు 2014లో వెలువడ్డాయి.

తెర మీద మ్యూజియం చూసేవారికి ఇదే మంత్రం. ఊరికే తిప్పకండి. ఏదో ఒకటి వెతకటానికి తిప్పండి.

తెర చెప్పలేనివి

అద్దానికి ఎన్ని గుణాలున్నా, ఎడమను కుడిగా చూపిస్తుంది. అలాగే తెరకూ లోపాలున్నాయి. అవేమిటో తెలిసి ఉండాలి.

మొదటిది, పరిమాణం. తెర మీద ఆవగింజ, ఆలయగోపురం ఒకే సైజులో కనబడతాయి. అందుకే పక్కన కొలత ఎంత ఇచ్చారో చూసి, టేపు తీసుకుని గోడ మీద గీత గీసి చూడండి. అమరావతి రాయి ఎత్తును మేము నల్లబల్ల మీద గీసుకున్నాం. అప్పుడుగాని దాని పెద్దతనం తెలియలేదు.

రెండోది, బరువు, చల్లదనం, గరుకుదనం, వాసన. ఇవేవీ తెరలోంచి రావు.

మూడోది, మనుషులు. సాలార్ జంగ్ మ్యూజియంలో ఒక పెద్ద గడియారం ఉంది. గంట అయ్యే వేళకు లోపలినుంచి చిన్న బొమ్మమనిషి బయటికి వచ్చి గంట కొడతాడు. అది చూడటానికి వందలమంది ముందే వచ్చి కూర్చుంటారు. పరిచయం లేనివాళ్ళంతా కలిసి ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తారు. గడియారం వీడియో ఇంట్లో చూడవచ్చు. ఆ ఎదురుచూపు ఇంట్లో దొరకదు.

నాలుగోది, తెర కూడా శాశ్వతం కాదు. మెకంజీ గీయించిన అమరావతి బొమ్మలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 2023 అక్టోబరులో ఆ లైబ్రరీ కంప్యూటర్ల మీద దొంగదాడి జరిగింది. ఇంటర్నెట్‌లో అది అందించే సేవలు ఎన్నో నెలల తరబడి ఆగిపోయాయి. రెండు వందల ఏళ్ళనాటి కాగితాలు మాత్రం అలమారలో భద్రంగానే ఉన్నాయి!

అయినా రాసిపెట్టుకోవాలి

ఇన్ని లోపాలుంటే ఇదంతా ఎందుకు అంటారా? ఒక విషాదగాథ చెబుతాను.

బ్రెజిల్ దేశంలో రియో డి జనీరో నగరంలో ఒక జాతీయ మ్యూజియం ఉంది. 1818లో స్థాపించారు. అందులో సుమారు 2 కోట్ల వస్తువులు, నమూనాలు ఉండేవి. రెండు వందల ఏళ్ళు నిండిన సంవత్సరంలోనే, 2018 సెప్టెంబరు 2 రాత్రి, నిప్పంటుకుని చాలా భాగం బూడిదైపోయింది. అప్పుడు ఆ నగరంలో మ్యూజియం శాస్త్రం చదువుతున్న విద్యార్థులు ప్రజలకు ఒక విజ్ఞప్తి చేశారు: “మీరెప్పుడైనా ఈ మ్యూజియంలో తీసుకున్న ఫోటోలుంటే మాకు పంపండి.” ఎక్కడెక్కడినుంచో ఫోటోలు వచ్చాయి. మంటలకు ముందే తీసిపెట్టిన ఫోటోల సాయంతో, అదే ఏడాది డిసెంబరులో, కాలిపోయిన ఆ గదుల్లో తెర మీద మళ్ళీ తిరిగే ఏర్పాటు చేశారు.

పోయిన వస్తువు ఫోటోతో తిరిగిరాదు. కాని అది ఎలా ఉండేదో తెలియటం, అసలేమీ తెలియకపోవటం – ఈ రెండింటికీ ఎంతో దూరం ఉంది. అమరావతి రాళ్ళలో కొన్ని ఇవాళ ప్రపంచంలో ఎక్కడా లేవు. మెకంజీ మనుషులు పెన్సిలు పట్టుకుని ఎండలో కూర్చుని గీసిన బొమ్మలుగా మాత్రమే ఉన్నాయి. ఆలోచిస్తే, ఆ కాగితాలు కూడా మిథ్యా మ్యూజియమే!

మన దేశంలో కూడా ఈ పని సాగుతోంది. పుణెలోని సీడాక్ సంస్థ ఇందుకోసం ‘జతన్’ అనే సాఫ్ట్‌వేరు తయారుచేసింది. జతన్ అంటే భద్రపరచటం. దీని సాయంతో దేశంలోని పెద్ద మ్యూజియాల వస్తువులను ఒకేచోట చూపించే ఏర్పాటు జరిగింది. వాటిలో మన సాలార్ జంగ్, నాగార్జునకొండ మ్యూజియాలున్నాయి.

మీరే చేయండి

ఇక మీ వంతు. మీ బడికి ఒక చిన్న వర్చువల్ మ్యూజియం మీరే తయారు చేయవచ్చు. కావలసింది ఒక ఫోను, ఒక టేపు, ఒక నోటుపుస్తకం, కాస్త ఓపిక.

1. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో వాడకంలోంచి తప్పుకున్న వస్తువు ఒకటి వెతకండి. గిద్ద, సోల, మానిక, తిరగలి, కవ్వం, కందిలి – ఏదైనా సరే. ఇంటివాళ్ళ అనుమతి తప్పక అడగండి.

2. వస్తువును నీడలో, ఎండ నేరుగా తగలని వెలుతురులో పెట్టండి. పక్కన స్కేలు ఉంచండి. చుట్టూ తిరుగుతూ ముప్పై, నలభై ఫోటోలు తీయండి. ప్రతి ఫోటోలోనూ ముందు ఫోటోలోని భాగం సగానికి పైగా కనబడాలి. వెనకవైపు, అడుగువైపు మరచిపోకండి. మార్గరెట్టా అటువైపే ఉండవచ్చు!

3. వివరాలు రాయండి: మీ ఊళ్ళో దాని పేరు, దేనితో చేశారు, కొలతలు, బరువు, ఎవరు వాడారు, ఎలా వాడారు, ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు.

4. వాడినవాళ్ళ గొంతు రికార్డు చేయండి. తిరగలి ఫోటో చూస్తే రెండు రాళ్ళే కనబడతాయి. అది తిరిగే చప్పుడు, గింజలు పోసే తీరు, విసురుతూ పాడిన పాట – ఇవి మీ నాయనమ్మ దగ్గరే ఉన్నాయి.

5. మూడుచోట్ల దాచండి: ఫోనులో, బడి కంప్యూటరులో, కాగితం మీద.

కొలపాత్ర దొరికినవాళ్ళు ఒక ప్రయోగం కూడా చేయవచ్చు. నాలుగు గిద్దలు ఒక సోల, నాలుగు సోలలు ఒక మానిక అని పెద్దలు చెబుతారు. గిద్దలో నీళ్ళు నింపి, ప్రయోగశాలలోని కొలజాడీలో పోసి ఎన్ని మిల్లీలీటర్లో చూడండి. తరువాత సోల కొలవండి. లెక్క సరిపోయిందా? పక్కింటి గిద్ద, మీ ఇంటి గిద్ద సమానమేనా? తేడా వస్తే ఎందుకు వచ్చి ఉంటుంది? ఇది ఏ పుస్తకంలోనూ దొరకని లెక్క. మీరే చేయాలి.

రెండో పాఠం తరువాత మా తరగతి పిల్లలు పదకొండు వస్తువులు పోగుచేశారు. అందులో ఒక తిరగలి గురించి చెప్పిన ముసలమ్మగారు ఇప్పుడు లేరు. తిరగలి ఉంది, ఆమె గొంతు ఉంది. ఆ రెండూ కలిపి విన్నప్పుడు పిల్లలు ఒక్క మాటా మాట్లాడరు.

సెలవుల్లో హైదరాబాదు వెళితే, మెఫిస్టోఫిలిస్ ముందు ఒక నిమిషం ఎక్కువసేపు నిలబడండి. అద్దంలో ఉన్న అమ్మాయిని పట్టుకోలేం. కాని ఆమె మనకు ఒక మంచి అలవాటు నేర్పుతుంది. ఏ వస్తువు కనబడినా, అది తెర మీద కానివ్వండి, గాజు బీరువాలో కానివ్వండి, మీ అటక మీద కానివ్వండి, “దీని రెండో పక్క ఏముంది?” అని అడగటం.